బియ్యం నానేంత దూరం

ఏ ఊరు ఎంత దూరమో మావారు కిలోమీటర్లలో చెబుతారు. నాకు కిలోమీటర్ల మీద నమ్మకం లేదు. తెనాలి నుంచి రేపల్లె ముప్ఫై చిల్లర కిలోమీటర్లు. ప్యాసింజరు బండికి మనసైతే గంటలో దింపుతుంది, లేకపోతే ఏ వరిచేను పక్కనో ఆగి మనచేత కొంగల్ని లెక్కపెట్టిస్తుంది. మాల్దీవుల్లో మాలే విమానాశ్రయం నుంచి గాన్ విమానాశ్రయం ఐదు వందల నలభై కిలోమీటర్లు. విమానానికి అదీ గంట పైచిలుకే. ఒకటి దేశానికి నడుమ, ఇంకోటి దక్షిణ కొసన అనుకోండి. మధ్యలో సముద్రం తప్ప ఏమీ లేదు. ఏమీ లేదనేది కిటికీ పక్కన కూర్చోని వాళ్ల మాట. దీవులు మినప వడియాలు ఎండబెట్టినట్టు వరసగా ఉంటాయి.

2003లో, వర్షాకాలంలో, నేనూ మా చెల్లెలు రాజ్యం ఆ దారిన వెళ్లొచ్చాం. వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను. వెళ్లినవాళ్లు నాతో వాదనకి రావచ్చు, ఇంట్లోనే ఉంటాను.

తెనాలి

రాజ్యం కూతురు సరళ గాన్ పక్క ఊళ్లోని బడిలో ఫిజిక్సు చెబుతుంది, దాని మొగుడు లెక్కలు చెబుతాడు. అంతకు ముందు ఏడు సరళకి కడుపొచ్చి, నాలుగో నెలలో పోయింది. అప్పటికే అది ఊరంతా చెప్పుకుని ఉంది. పోయాక రెండు నెలలపాటు ఎదురొచ్చిన ప్రతి మొహమూ "అయ్యో" అంటుంటే బడికి వెళ్లడమే నరకమైందట. ఈసారి ఐదో నెల నడుస్తున్నా ఆ దీవిలో ఒక్కరికీ చెప్పలేదు.

ఫోన్లో నాతో దెబ్బలాడింది.

"పెద్దమ్మా, అమ్మ చేత ఏమీ మోయించకు. దేవుడి పటాలు ఇక్కడికి రానివ్వరు. చలిమిడి అసలే వద్దు. నాకవేం వద్దు."

"ఐదో నెల వచ్చాక కూడా ఎవరికీ చెప్పకపోవడమేంటే? కడుపు కనపడదా?"

"వదులు గౌన్లు వేసుకుంటున్నాలే."

మన వైపు ఐదో నెలలో పుట్టింటివాళ్లు కూతురి ఒళ్లో చలిమిడి పెట్టడం తెలిసిందే. కడుపు చల్లగా ఉండాలని. పోయినసారి అది పెట్టే యోగం లేకపోయింది కాబట్టే అలా జరిగిందని రాజ్యం తేల్చేసుకుంది.

"నాలుగో నెలలో పోయినదానికి ఐదో నెలలో పెట్టే చలిమిడి ఏం చేస్తుందే?" అన్నాను.

"నువ్వు బి.ఏ. చదివావు కదక్కా, నీకు తెలీదులే" అంది.

పోనీ పాకం పట్టి చెయ్యి, నెల రోజులైనా ఉంటుంది అన్నాను. వినలేదు. వాళ్లింట్లో పచ్చి చలిమిడే ఆనవాయితీ. రాత్రంతా నానిన బియ్యాన్ని తడి ఆరకుండా దంచి, జల్లించి, బెల్లం తురుము, నెయ్యి, యాలకులు వేసి పిసికిన ముద్ద. దాన్ని స్టీలు డబ్బాలో కుక్కి, మూత బిగించి, రేపల్లె నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఇంకో గుడ్డ సంచిలో వాళ్ల పొలంలో పండిన బియ్యం, ఒడి నింపడానికి. ఆ రాత్రే మద్రాసు రైలెక్కాం. చెన్నై అనడం నాకింకా అలవాటు కాలేదు.

బాపట్లలో రెండు నిమిషాలు

సరళ అత్తగారిది బాపట్ల. మేం వెళ్తున్నామని తెలిసి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. కిటికీలోంచి గాజుల పెట్టె, పులిహోర పొట్లం అందించింది.

"ఈసారైనా పుట్టింటి చలిమిడి అందుతుందన్నమాట వదినగారూ" అంది రాజ్యంతో, ఎంతో ప్రేమగా.

రాజ్యం మొహం మాడిపోయింది. దానికి నోరు లేదు. ఆ లోటు తీర్చడానికే దేవుడు నన్ను ముందు పుట్టించాడు.

"అందుతుందండీ. మీరూ బయల్దేరితే అత్తింటి పలకరింపు కూడా అందును" అన్నాను.

"నాకు మోకాళ్లు కదండీ..."

"విమానంలో కూర్చునే వెళ్తారండి, నడవక్కర్లేదు."

రైలు కదిలింది కాబట్టి ఆ సంభాషణ మర్యాదగానే ముగిసింది. పులిహోర మాత్రం అద్భుతం. ఇంగువ ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి. తిట్టుకుంటూనే మొత్తం తిన్నాను.

చీరాల దాటాక రాజ్యం మెల్లిగా అడిగింది. "అక్కా, నా వల్లే పోయిందంటావా?"

"పడుకోవే" అన్నాను. పడుకోలేదు. డబ్బాని పక్కలో పెట్టుకుని, చంటిపిల్లకి జ్వరం చూసినట్టు, అస్తమానం దాని మీద చెయ్యి వేసి చూస్తూనే ఉంది.

కొలంబో

మద్రాసు నుంచి కొలంబో చేరేసరికి టీ తాగడానికి సరిపోయింది. అక్కడ విమానం మారడానికి రాత్రంతా కూర్చోబెట్టారు. సింహళం ఆడవాళ్లు చీర కట్టే తీరు చూసి ముచ్చటపడ్డాను. నడుం దగ్గర కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. మనం అంత శ్రద్ధగా కట్టుకుంటే పదింటి బస్సు పోతుంది. టీకి వాళ్లు పుచ్చుకున్న డబ్బుతో తెనాలి బస్టాండులో మా వీధి వాళ్లందరికీ టీ ఇప్పించవచ్చు. అయితే టీ మాత్రం టీలాగే ఉంది, పాల విరుగుడులా లేదు.

కొలంబో గడియారం మనకంటే అరగంట ముందు. మాలే గడియారం మనకంటే అరగంట వెనక. రెండూ దీవులే, నడుమ విమానం గంటన్నర ఎగిరింది, తీరా దిగి చూస్తే గోడ గడియారంలో అరగంటే గడిచింది.

"మిగతా గంట ఏమైంది?" అంది రాజ్యం.

"మనకి మిగిలింది."

"అయితే చలిమిడికి ఒక గంట కలిసొచ్చినట్టేగా!"

"చలిమిడి గడియారం చూసుకోదే రాజ్యం" అన్నాను. అది వినకుండా డబ్బాని చూసి సంతోషపడింది.

మాలే

మాలే విమానాశ్రయం ఒక దీవి. విమానాశ్రయం ఉన్న దీవి అని కాదు, దీవే విమానాశ్రయం. రన్‌వే ఒక నీళ్ల దగ్గర మొదలై ఇంకో నీళ్ల దగ్గర ఆగుతుంది. దిగేటప్పుడు చివరిదాకా నేల కనిపించదు. రాజ్యం నా మోచేతిని పట్టుకున్న గుర్తులు మర్నాటికీ పోలేదు.

ఆ దేశంలోకి మద్యం తేకూడదు. మాకు ఆ బెంగ లేదు, మా వంశంలో ఆడవాళ్లెవరూ తాగరు. కాని కస్టమ్స్ బల్ల దగ్గర కుర్రాడు స్టీలు డబ్బా మూత తీశాడు. రెండు రోజులు, వర్షాకాలపు ఉక్క, గాలాడని డబ్బా, తడి పిండి, బెల్లం. మూత తియ్యగానే వచ్చిన వాసన మా ఊరి కల్లుపాక సాయంత్రం వాసనే. ముద్ద పొంగి, పైన బుడగలు కూడా కట్టింది.

"ఇదేంటండీ?" అన్నాడు ఇంగ్లీషులో.

"స్వీటు. కడుపుతో ఉన్నమ్మాయికి పెట్టేది."

అతను ఇంకోసారి వాసన చూశాడు. వెనకాల ఉన్న పెద్దాయన్ని పిలిచాడు. ఆయనా వాసన చూశాడు. ఇద్దరూ వాళ్ల భాషలో ఏదో అనుకుని నా వైపు చూశారు. నాకు ఒళ్లు మండింది.

"అయ్యా, ఇది సారా అయితే మా జిల్లాలో పురుళ్లు పోసుకున్న ప్రతి ఆడదీ తాగుబోతే! బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి. కావాలంటే తిని చూపిస్తాను."

"తినకండి" అన్నాడు ఆ కుర్రాడు కంగారుగా. తర్వాత నెమ్మదిగా, "మేడమ్, సారా కాదని నాకూ తెలిసింది. కాని ఇది పాడైపోయింది. మా అక్క కడుపుతో ఉంది. నేనైతే దీన్ని మా అక్కకి పెట్టను. మీరు పెడతారా?"

నా జీవితంలో ఇంత చిన్న వయసువాడి చేతిలో, ఇంత తొందరగా, వాదన ఓడిపోవడం అదే మొదలు. పెట్టను కదా! తెనాలిలో అయితే వాసన రాగానే నేనే గేదె కుడితిలో వేసేదాన్ని. రాజ్యానికి ఇంగ్లీషు రాదు, కాని నా మొహం చదవడం వచ్చు. డబ్బా కోసం చెయ్యి చాపింది. ఆ కుర్రాడు ముద్దని తీసి పారేసి, డబ్బాని ఎక్కడో కడిగించి, తుడిచి, రెండు చేతులతో తెచ్చిచ్చాడు. కోపం తెచ్చుకుందామంటే దొరకలేదు.

బయట, సముద్రం పక్కన బెంచీ మీద రాజ్యం కూలబడింది. ఎదురుగా పడవలు ఎక్కడానికి జనం తోసుకుంటున్నారు. నీళ్లు నెమలికంఠం రంగు వెంకటగిరి చీరలా ఉన్నాయి. అదేదీ దానికి కనిపించలేదు.

"శకునం ఇదేనక్కా. ఈసారీ నిలవదు."

"నోర్ముయ్యి. పిండి పులిస్తే శకునమేంటే? మూత బిగించావు కాబట్టి పులిసింది."

"పుట్టింటి చలిమిడి పారబోశారు..."

"పుట్టింటి బియ్యం ఉన్నాయిగా సంచిలో?"

తలెత్తి చూసింది. గాన్ విమానం ఇంకా మూడు గంటలకి. ఆపైన గంట పైన ప్రయాణం. దిగి ఇంటికెళ్లేసరికి ఇంకొంచెం.

"అప్పటికి నానతాయి" అన్నాను.

"దార్లో నానబెడతారా ఎవరైనా! ఇంటి గడప లోపల నానాలి."

"ఈ దీవిలో గడపెక్కడుందో చూపించు, లోపలికెళ్లి నానబెడదాం."

"ఏ నీళ్లు పోస్తావు?"

"సీసాలో అమ్మే నీళ్లు. మీ బోరు నీళ్లకంటే శుభ్రం."

లేచి వెళ్లి, కుళాయి దగ్గర మళ్లీ డబ్బా కడిగింది. అప్పటికే ఒకసారి కడిగారు కదా అంటే, "వాళ్లు కడిగింది వేరు" అంది. అక్కడే తూర్పు ఎటో నన్నడిగి, అటు తిరిగి, బియ్యం మూడు దోసిళ్లు పోసింది. నేను సీసా వంచాను. పక్క బెంచీ మీద జర్మన్ దంపతులు మమ్మల్ని ఫొటో తీసుకున్నారు. ఇప్పటికీ ఏ ఊళ్లోనో వాళ్ల గోడ మీద మేం బియ్యం నానబెడుతూ ఉండే ఉంటాం.

ఆకలేసి కొట్లో బజ్జీల్లాంటివి కొన్నాను. రాజ్యం ఉల్లిపాయ కూరారనుకుని కొరికింది. చేప. అక్కడ ఏది కొరికినా చేపే. ఆకూ వక్కా మాత్రం మనకంటే ఎక్కువ నములుతారు.

గాలిలో

గాన్ వెళ్లేది రెక్కలకి పంకాలున్న చిన్న విమానం. ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వచ్చి డబ్బాలో ఏముందని అడిగింది. బియ్యమన్నాను. నీళ్లు కదులుతున్న చప్పుడు విని ఒక క్షణం చూసి, కాళ్ల దగ్గర పెట్టుకోమంది. విమానం ముక్కు పైకెత్తగానే డబ్బా జారి, మూత సందులోంచి కారిన కుడితి నీళ్లు నా పక్కాయన తెల్ల ప్యాంటు మీద పడ్డాయి.

ఆయన గాన్ దగ్గర దీవిలో కొట్టు ఉన్న లావుపాటి మనిషి. నేను క్షమించమని మొదలుపెట్టేలోగా, "అన్నం వండుతున్నారా?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఇంకా పొయ్యి దొరకలేదండి" అన్నాను.

కడుపు కదిలేలా నవ్వి, జేబులోంచి వక్కలు తీసి ఇద్దరికీ పెట్టాడు. ఆయన చిన్నప్పుడు మాలే వెళ్లాలంటే తెరచాప పడవలో రోజుల తరబడి పట్టేదట. వాళ్ల నాన్న ఒకసారి వెళ్లి గాలి లేక నెలకి తిరిగొచ్చాడట. "ఇప్పుడు పేపరు చదవడం పూర్తికాకుండానే దింపేస్తున్నారు" అని ఫిర్యాదు చేశాడు. వయసు మళ్లినవాళ్లు అన్ని దేశాల్లోనూ ఒకటే.

భూమధ్యరేఖ దాటుతున్నామని ఆయనే చెప్పాడు. రాజ్యానికి వివరించాను.

"దాటామా? కుదుపేం లేదేంటి?"

"అది గీతే, గట్టు కాదు."

"మనం ఇప్పుడు భూమికి కింద ఉన్నామా?"

"ఆ."

వంగి, డబ్బా మూత తీసి చూసింది. నీళ్లు పడిపోలేదు. తృప్తిగా మూత పెట్టింది. వేలితో ఒక గింజ తీసి గిల్లి, "ముప్పాతిక నానింది" అని నాకు చెప్పింది. దూరం కూడా అప్పటికి ముప్పాతికే వచ్చాం. నేను నవ్వితే దానికి కోపం వచ్చింది గాని, వక్కాయన అదేంటని అడిగి తెలుసుకుని, తర్వాత రెండు నిమిషాలకోసారి "ఎంతవరకూ వచ్చాం?" అని రాజ్యాన్నే అడిగాడు, పైలట్‌ని కాదు.

గాన్

చిన్న విమానాశ్రయం. దిగి నడుచుకుంటూ బయటికి వచ్చేయడమే. పూర్వం ఇంగ్లీషు సైన్యం ఉన్న దీవి కాబట్టి రోడ్లు తిన్నగా, చెట్లు వరసగా ఉంటాయి. మన రేపల్లె బస్టాండుకి అలాంటి చెట్లు నాలుగుంటే చాలు.

సరళ చెప్పినట్టే గోనెసంచిలాంటి గౌను వేసుకుని నిలబడి ఉంది. చిక్కిపోయింది. వాళ్లమ్మని వాటేసుకోలేదు, ఏడవలేదు, ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు. మా చేతుల్లోని సంచుల వంక చూసింది.

"అమ్మా, చలిమిడి ఏదీ?"

వద్దని ఫోన్లో గంట దెబ్బలాడిన మనిషి!

"నానుతోందే" అంది రాజ్యం, డబ్బా చూపించి.

పక్కింటి రోలు

సరళ వాళ్లింటి పక్కన ఆమినా అని ఉంది. ఆరుగురు పిల్లల తల్లి, నవ్వితే ఇల్లు దద్దరిల్లుతుంది. మిక్సీలో వేస్తే తడిపిండి రాదని రాజ్యం మొండికేస్తే, సరళ వెళ్లి ఆమినా కొయ్య రోలు అడిగింది. ఎందుకని ఆవిడ అడిగి ఉంటుంది. సరళ ఏం చెప్పిందో మాకు తెలీదు. ఆమినా మాత్రం రోలుతో పాటు తనూ వచ్చి, రాజ్యం చేతిలోంచి రోకలి లాక్కుని తనే దంచింది. జల్లెడ లేదు, పలచటి చున్నీలో వేసి విదిలించాం. సగం పిండి నా మొహాన పడింది.

అంతా అయ్యాక బెల్లం లేదని తెలిసింది. మేం తెచ్చిన బెల్లమంతా ఆ పోయిన ముద్దలోనే ఉంది. ఆమినా ఇంటికెళ్లి సీసా తెచ్చింది. తేనెలా చిక్కటి పాకం. కొబ్బరిచెట్టు గీసి, కారిన నీళ్లు పులవకముందే కాస్తారట.

"కల్లు పాకమా!" రాజ్యం వెనక్కి జరిగింది. "శుభమా అని కల్లుతో చలిమిడి కలుపుతానా?"

"తాటిబెల్లం తినలేదూ నువ్వు? అదెక్కడ కాసింది, చెరుకు తోటలోనా?"

"అది వేరక్కా."

"ఏం వేరు? చెట్టు పేరు వేరు."

ఆమినాకి మా గొడవ అర్థమై, సరళతో ఏదో చెప్పింది. సరళ నవ్వింది. "తను ఆరు కానుపులకీ ఇదే తాగిందటమ్మా. ఆరుగురూ నిలిచారట."

రాజ్యం ఆ సీసా అందుకుంది. పిండిలో వంచింది.

సాయంత్రం వెలుగుండగానే సరళని పీట మీద కూర్చోబెట్టి, గాజులు తొడిగి, ఒళ్లో ముద్ద పెట్టింది. ముద్ద మన చలిమిడిలా లేత పసుపు కాదు, కాఫీ రంగు. సరళ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఇంకోటి తుంచింది. ఉదయం నుంచీ ఏం తిన్నా నిలవలేదని అల్లుడు నా చెవిలో అన్నాడు. మూడోది తుంచింది.

నలుగురికీ పంచాలి కదా, అది కూడా ఆనవాయితీయే. అల్లుడి చేత పక్కిళ్లకి పంపిద్దామా అని రాజ్యం నన్నడుగుతోంది. సరళ లేచింది. గాజుల చేతుల్తోనే పళ్లెంలో ఉండలు సర్దింది. ఆ వదులు గౌనుని చున్నీతో పొట్ట కింద బిగించి కట్టుకుంది. ఉన్నదంతా కనిపించింది.

ముందు ఎదురింటి తలుపు కొట్టింది. తర్వాత దాని పక్కది. పగడపు ఇసక వీధిలో, ఒక్కో గుమ్మం దగ్గరా ఆడవాళ్లు బయటికొచ్చి దాని పొట్ట వంక, పళ్లెం వంక చూసి కేకలు పెడుతున్నారు. ఒకావిడ దాని బుగ్గలు పట్టుకుంది.

మేమిద్దరం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం.

"ఎండ ఇంకా తగ్గలేదు, ఎక్కువ తిరగొద్దని చెప్పక్కా" అంది రాజ్యం.

"నీ కూతురేగా, నువ్వే చెప్పు" అన్నాను.

ఇద్దరం చెప్పలేదు. అది వీధి చివరిదాకా వెళ్లింది.